అది మీరేనా?

మా అమ్మాయి మెయిల్ ఖాతాలోకి ఏ దొంగా చొరబడలేకపోయాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ మాటకొస్తే మా అమ్మాయి కూడా చొరబడలేకపోయింది. భద్రత అంటే అలా ఉండాలి.

సంగతేమిటంటే, పిల్లకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఉత్తర్వు మెయిల్లో పంపుతామనీ, శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా 'సమ్మతమే' అని జవాబు రాకపోతే తర్వాతి మనిషికి ఇచ్చేస్తామనీ కబురు చేశారు. వేరే ఊరు అనగానే అక్కడి అద్దె గది, సరిగా పడని గొళ్ళెం, దీపం లేని మెట్లు, అన్నీ చూసొచ్చినట్టే కళ్ళకు కట్టాయి. అయినా కాదనలేదు. పిల్లల బాగుకి కాదనే తల్లిని కాను నేను.

సరిగ్గా ఆ వారమే పిల్ల ఫోను నీళ్ళ బకెట్లో పడింది. అది బాగయి వచ్చేలోగా మెయిల్‌ని ఇంట్లో కంప్యూటర్లో పెట్టుకోవాలని తీర్మానమైంది. తీర్మానం మా ఆయనది. ఆయన ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఉద్యోగపు ఉత్తర్వుని బ్రౌజర్లో చదవడమంటే నడిరోడ్డు మీద నిలబడి చదవడమేననీ, దానికంటూ ఒక మెయిల్ ప్రోగ్రాం పెట్టుకుని కుర్చీలో కూర్చుని చదవాలనీ ఆయన సిద్ధాంతం.

ప్రోగ్రాం వచ్చి కూర్చుంది. పేరు అడిగింది, ఇచ్చారు. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చారు. పేరు గానీ, పాస్‌వర్డ్ గానీ, మరొకటి గానీ సరిగా లేదంది. ఏది సరిగా లేదో చెప్పలేదు. మా ఆయనకి దాని మీద అక్కడికక్కడే గౌరవం పుట్టుకొచ్చింది. వాళ్ళ ఆఫీసులోనూ అర్జీలు ఇలాగే తిప్పి పంపుతారట.

ఆ సమయంలో నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. బళ్ళో చదివేటప్పుడు పిల్ల ఆ ఖాతాకి నా నంబరే ఇచ్చింది లెండి. 'కొత్త యంత్రం నుంచి ఎవరో మీ ఖాతాలోకి రావాలని చూస్తున్నారు. అది మీరేనా? అయితే ఒకటి, కాకపోతే రెండు నొక్కండి. ఈ విషయం ఎవరికీ చెప్పవద్దు, అడిగినవారు మీ మనుషులే అయినా సరే.' నాది పెద్ద చదువు కాదు గనక ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివాను. నేను గిన్నెల దగ్గర ఉన్నాను. యంత్రం దగ్గర లేను. అబద్ధమాడే అలవాటు మా పుట్టింట్లోనే లేదు. చెయ్యి తుడుచుకుని రెండు నొక్కాను.

తర్వాత మా మరిది రంగంలోకి దిగాడు. ఒకప్పుడు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగాడు కాబట్టి మా కుటుంబంలో కంప్యూటర్ నిపుణుడు అతనే. వచ్చే మెయిల్‌కి ఒక గుమ్మం, పోయే మెయిల్‌కి ఒక గుమ్మం ఉంటాయనీ, ఆ గుమ్మాల నంబర్లు తప్పనీ తేల్చి మార్చేశాడు. మళ్ళీ ప్రవేశించబోయారు. నా ఫోను మోగింది. దొంగ మొండివాడని అర్థమైంది. రెండు నొక్కాను. కంప్యూటర్ గడియారం వెనకబడిందన్నాడు. వైరస్‌ని ఆపే ప్రోగ్రామే మెయిల్‌ని ఆపుతోందని దాన్ని పీకేశాడు. ఆఖరికి కంప్యూటర్ని కిటికీవైపు తిప్పాడు. గతిలేక మా ఆయన నడిరోడ్డుకి కూడా దిగి బ్రౌజర్లో చూశారు. ఒక్కో వైద్యానికి ఒక్కో దొంగతనం. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను కాపలా వదల్లేదు.

సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, మీ సమస్య మాకెంతో ముఖ్యమంటూ చాలాసేపు పాట వినిపించి, పరిష్కారం మొత్తం మీ మెయిల్‌కే పంపాం, తెరిచి చూసుకోండి అన్నారు. ఏడుపు మొహం పెట్టిన పిల్లకి మా ఆయన లేచి నిలబడి ధైర్యం చెప్పారు.

"వ్యవస్థ మీద నమ్మకం ఉండాలమ్మా. తలుపు తెరుచుకోవట్లేదంటే ఏంటి అర్థం? తలుపు గట్టిదని. అలాంటి తలుపు మనకుండటం మన అదృష్టం."

శుక్రవారం మధ్యాహ్నం పిల్ల వంటింట్లోకి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మా, నీ ఫోనుకేమన్నా మెసేజ్ వచ్చిందా?"

అడిగేది మన మనుషులే అయినా సరే అని వాళ్ళు ముందే రాశారు. ఎంత దూరాలోచన.

"ఏం రాలేదే. నువ్వు ముందు ఇంత తిను," అన్నాను.

సాయంత్రం ఆఖరి ప్రయత్నం జరిగింది. ఆఖరిసారి రెండు నొక్కాను. వెంటనే జవాబొచ్చింది: 'పదేపదే జరిగిన చొరబాటు యత్నాలను తిప్పికొట్టినందుకు అభినందనలు. మీ రక్షణ కోసం ఖాతాను మూసివేశాం.' నా జన్మలో నన్ను అభినందించిన ఆఫీసు అదొక్కటే. ఇక దాచడానికి ఏముంది? ముందుగదిలోకి వెళ్ళి అందరికీ చూపించాను. మరిదికి బయట ఏదో పని గుర్తొచ్చింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, భాష బాగుందన్నారు.

"ఆ దొంగ నేనేనమ్మా," అంది పిల్ల మెల్లగా.

"దొంగైనా 'నేనే' అనేగా చెప్పేది," అన్నాను.

ఉద్యోగం తర్వాతి మనిషికి వెళ్ళిపోయింది. ఆ మనిషి తల్లికి ఫోను లేదు కాబోలు, పాపం.

నా సేవ వీధంతా తెలిసింది. పక్కింటావిడ తన కూతురి ఖాతాకి తన నంబరు ఎక్కించుకుంది. ఎదురింటావిడ రెండు ఎక్కడుంటుందో నేర్చుకుపోయింది. మా వీధి ఆడపిల్లలంతా ఇప్పుడు ఇళ్ళలోనే క్షేమంగా ఉన్నారు. మీ వీధి సంగతి మీరే చూసుకోవాలి.

మా అమ్మాయీ క్షేమమే. తన గదిలోనే ఉంది. మా ఇంట్లో గొళ్ళేలు బ్రహ్మాండంగా పడతాయి. నేను తలుపు తడితే, "ఎవరూ?" అంటుంది. "నేనేనే, అమ్మని," అంటాను. తెరవదు. తలుపవతల ఉన్నవాళ్ళు అలాగే అంటారని పిల్లకి ఇప్పటికి తెలిసొచ్చింది.