డెబ్బై రెండు సెకన్ల నిమిషం

సరిగ్గా నడిచే గడియారమంత పనికిమాలిన వస్తువు లోకంలో ఇంకొకటి లేదండీ! నమ్మకపోతే బంగారుపాళ్యం రండి.

అక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు ధనంజయ గారు ఈ సీజనుకు మద్రాసు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చి, టీవీకి తగిలించి, షెడ్డులో పెట్టారు. తెర మీద టైము కనిపిస్తుంది. రోజూ పొద్దున తన చేతి వాచీ చూసి ఎనిమిది పెడతారు. అందులో నాలుగైతే సెలవు.

దాని గొప్ప వినండి. కంప్యూటర్ లోపల గోరంత స్ఫటికం ఉంటుంది. అది వేసే తాళానికే టీవీ మీద బొమ్మ సెకనుకు యాభైసార్లు పడుతుంది. మన టీవీల తీరు అది. గడియారం ప్రోగ్రామ్ రాసిన దొరది మాత్రం అరవైసార్లు పడే దేశం. అరవై బొమ్మలు లెక్కపెట్టి, సెకను అయిందన్నాడు. అది ఇక్కడికొచ్చేసరికి నిమిషానికి డెబ్బై రెండు సెకన్లు!

ఎంత అదృష్టం! ఈ లెక్కన అరవై ఏళ్ల ధనంజయ గారికి యాభయ్యే. తిరుమల క్యూలో ఆరు గంటలు నిలబడినా ఐదే! ఇక షెడ్డులో కాయల తొక్క తీసే ఆడవాళ్లో? ఎనిమిది గంటల్లో తొమ్మిదిన్నర గంటల పని చేసేస్తున్నారు! ఏ దేశంలో ఉందండీ ఈ ప్రగతి?

ఒక్క నాగులమ్మకే అది గిట్టలేదు. ఆమె ఊరికి ఐదు గంటల బస్సే ఆఖరిది. తెర మీద నాలుగయ్యేసరికి ఆ బస్సు పోయి అరగంట దాటుతుంది. ఇంట్లో పాలు తాగే బిడ్డ. నాలుగు మైళ్ల నడక.

"సామీ, నీ గడియారం నిద్దరపోతా ఉండాది. బస్సు యాడుంటాది ఇంకా?"

"ఏమ్మే, కంప్యూటర్ తప్పు సెప్తాదా? నీ బస్సే తప్పు!"

నిజమే కదా! బస్సుదే దుడుకు.

మరి అన్నానికిచ్చే అరగంట? దానికి మాత్రం ధనంజయ గారు చేతి వాచీయే చూస్తారు. విదేశీ యంత్రానికి మన సంగటి సంగతి ఏం తెలుసు పాపం!

ఈమధ్య ఒక సాయంత్రం ఆయన స్విచ్ ఆపబోతుంటే నాగులమ్మ అడ్డం వచ్చింది.

"ఆపొద్దు సామీ. నువ్వు సెప్పిందే నిజం. ఇంక దాని టైమే మా టైము. రేపు దాంట్లో ఎనిమిదైతే వస్తాం."

అంతమంది ముందు యంత్రాన్ని పొగిడితే ఎవరు కాదంటారు? ఆయన ఉబ్బిపోయి, ఆపలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదికి తెర మీద ఇంకా తెల్లవారుజాము నాలుగు! షెడ్డులో కాయలు, ఈగలు, ధనంజయ గారు. అంతే. ఆడవాళ్లు తీరుబడిగా వండుకుని, తిని, బిడ్డలకు పెట్టి, పన్నెండు ముక్కాలుకు వచ్చారు. ఎలా లెక్క కట్టారంటారా? రోజూ బస్సు తప్పిపోయే మనిషికి ఆ లెక్క ఒకరు నేర్పాలా?

తెర మీద అప్పుడే ఎనిమిది కావస్తోంది.

"రోంత ముందే వచ్చేసినామా సామీ?" అంది నాగులమ్మ.

ఇప్పుడు షెడ్డులో గోడ గడియారం వేలాడుతోంది. నాలుగంటే నాలుగే. నాగులమ్మ ఐదు గంటల బస్సులో దర్జాగా ఇంటికి పోతోంది. ప్రగతి ఆగిపోయింది!

ఉండబట్టలేక వెళ్లి, కంప్యూటర్‌కు ఏమైందని అడిగాను.

"అది సెడిపోయింది లేప్పా" అన్నారు ధనంజయ గారు.

"ఎప్పుడు?"

"మొన్న. పన్నెండు ముక్కాలుకు."