నరసింగరావు గారి సిఫారసు

వరసగా ఆరు రాత్రి డ్యూటీలు చేసిన సత్యవాణికి బుధవారం వారపు సెలవు. పెద్ద ఆశలేమీ లేవు. నాలుగు యూనిఫాంలు ఉతికి ఆరేసి, ఇంత పెరుగన్నం తిని, సాయంత్రం దాకా పడుకుంటే చాలు. రెండో యూనిఫాం పిండుతుండగా పోస్ట్‌మాన్ వచ్చి, తడి చేత్తోనే సంతకం పెట్టించుకుని రిజిస్టర్డ్ కవరు ఇచ్చి వెళ్లాడు.

రాయపూర్‌లో నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు నుంచి నోటీసు. ఆమె డాక్టర్లతో పని లేకుండా సొంతంగా వైద్యం చేస్తోందట, మందులు మారుస్తోందట. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలట. ఆ రిజిస్ట్రేషన్ పోతే ఏ ఆసుపత్రీ ఆమెను గడప తొక్కనివ్వదు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. జతచేసిన ఉత్తరం కింద సంతకం చూశాక మాత్రం భయం తగ్గి నీరసం వచ్చింది. ఆ గుండ్రటి సంతకం పక్కవీధి నరసింగరావు గారిది.

ఈ హిందీ ఊరికి వలసొచ్చి, ఉక్కు కర్మాగారం ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు ఉత్తరాలు రాసి రిటైరైన మనిషి ఆయన. ఉద్యోగం వదిలింది గాని ఉత్తరాలు వదల్లేదు. వీధి కుళాయి కారినా సబ్జెక్టు, రిఫరెన్సు పెట్టి రాసి, ఆరుగురికి నకళ్లు పంపుతారు.

"అవార్డు వొచ్చీసిందా తల్లీ?" గుమ్మంలోనే అడిగారాయన.

"అవార్డేటి బాబాయ్! నా ఉద్యోగం పోయేలా ఉంది. ఏటి రాసేరు మీరు?"

"ఉత్తమ నర్సు అవార్డుకి సిఫారసు. గురువారం గురువారం మా అందరికీ బీపీ చూస్తావు కదా, అదే రాసేను."

"బీపీ చూస్తానని రాయక, డాక్టరు అక్కర్లేకుండా నయం చేసేస్తానని రాస్తారేటి?"

"సిఫారసంటే అలాగే రాయాలమ్మా. ప్లాంటులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఒక్కడికైనా ప్రమోషన్ వొచ్చిందా?"

తిట్టడానికి కూడా ఓపిక లేదు. అది నిజం కాదని ఇంకో ఉత్తరం రాయమని బతిమాలి, ఇంటికొచ్చి పడుకుంది. ఆమె లేచేసరికి ఆయన పవర్ హౌస్ బజారు దాకా వెళ్లి స్పీడ్ పోస్ట్ చేసి వచ్చేశారు. నకలు చదువుకుంది. 'మా మొదటి ఉత్తరం ఫిర్యాదు కాదు. అందులోని ప్రతి మాటా నిజమని ఈ కింది నలభై ఒక్కమందిమి ధ్రువీకరిస్తున్నాము.'

"నా ఒక్కడి మాటకి విలువేటని, అందరి చేతా సంతకాలు పెట్టించీసేను" అన్నారు తృప్తిగా.

వారం తిరక్కుండా విచారణకు రమ్మని పిలుపు వచ్చింది. అది తేలేదాకా డ్యూటీకి రావద్దని ఆసుపత్రివాళ్లు చెప్పేశారు. పడుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది గాని, కంటి మీదికి కునుకు రాలేదు.

ఎవరూ రావద్దని దణ్ణం పెట్టినా తొమ్మిదిమంది సాక్షులు పులిహోర డబ్బాలతో రాయపూర్ లోకల్ రైలెక్కారు. విచారణాధికారి జ్యోత్స్న మేడమ్ నుదురు నొక్కుకుంటూ హిందీలో అడుగుతుంటే, వీళ్లు తమకొచ్చిన హిందీలో చెప్పారు. "ఆ పిల్ల చెయ్యి పడితే చాలు, రోగం పారిపోతుంది" అంది ఎదురింటి పార్వతమ్మ. "డాక్టర్లు ఆవిడ ముందు ఎందుకూ పనికిరారు" అన్నారు మరొకరు. మేడమ్ రాసుకుంటూ పేజీ తిప్పింది. సత్యవాణి కళ్లు మూసుకుంది. తన వాళ్లే తనను ముంచుతున్నారని ఏడుపొచ్చింది.

"సరే, ఆమె మీకిచ్చిన మందు ఒక్కటి చెప్పండి" అంది మేడమ్ నరసింగరావుతో.

ఆయన లెక్కపెట్టబోయి వేలు మడిచారు, మళ్లీ తెరిచారు. ఎన్నాళ్ల కడుపుమంటో బయటికొచ్చింది.

"మందా! ఇరవయ్యేళ్లలో ఒక్క మాత్ర ఇచ్చిన పాపాన పోలేదు మేడమ్. తలనొప్పన్నా డాక్టరు దగ్గరికే, తుమ్మినా డాక్టరు దగ్గరికే!"

"నా మోకాలికి సూది వెయ్యమంటే, చీటీ లేందే వెయ్యనంది" అంది పార్వతమ్మ. మిగతావాళ్లూ అందుకున్నారు. పొగిడినంతసేపూ వణికిన సత్యవాణి, తిట్లు మొదలయ్యాక మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

ఆ గోలకు మేడమ్ తల పట్టుకుని, "సిస్టర్, బీపీ మిషన్ ఉందా?" అంటూ చెయ్యి చాచింది. బీపీ బాగా ఎక్కువుంది. "నా బీపీ మాత్ర ఈపూట రెండు వేసుకోనా?" అంది మేడమ్.

"డాక్టరుగారికి చూపించుకోండి మేడమ్."

మేడమ్ అప్పటికప్పుడే ఫైలు మూసేసింది.

మరో రెండు వారాలకు సత్యవాణి మళ్లీ యూనిఫాంలు పిండుతుండగా జ్యోత్స్న మేడమ్ దగ్గర నుంచి ఫోన్.

"సిస్టర్, మీ నరసింగరావు నాకు కృతజ్ఞతలు రాశారు. విచారణ మధ్యలో నేను మీ చేత వైద్యం చేయించుకుని, ఆ సంతోషంలో కేసు కొట్టేశానట. ఆరుగురికి నకళ్లు. పైవాళ్లు నన్ను సంజాయిషీ అడుగుతున్నారు. ఏం చెయ్యను?"

సత్యవాణి తడి చెయ్యి చీరకు తుడుచుకుంది.

"ఏం చేసినా, ఆయన్ని సాక్షిగా మాత్రం పిలవకండి మేడమ్."