అరవై నాలుగు కోర్ల వంతెన

"ఈ రోజు నుంచి మన వంతెనల శాఖలో కాగితం కనపడదు. వంతెన కంప్యూటర్లోనే పుడుతుంది, కంప్యూటర్లోనే పెరుగుతుంది. ఏడాది తిరక్కముందే నది మీదికొచ్చి నిలబడుతుంది."

మంత్రిగారు విలేకరుల ముందు ఈ మాటలన్నప్పుడు నేను ఆయన కుర్చీ వెనకాలే నిలబడి ఉన్నాను. ఆ శాఖలో పత్రికా ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. మంత్రిగారు తుమ్మితే ప్రజాసంక్షేమం కోసమే తుమ్మారని రాయగలను. పద్దెనిమిదేళ్ళ అనుభవం.

ఆ రోజు మంత్రిగారు స్వయంగా మౌస్ పట్టుకుని వంతెన మోడల్‌ని తెర మీద గిర్రున తిప్పి చూపిస్తారని ముందే ప్రకటించాం. పట్టుకున్నారు. తిప్పారు. వంతెన తిరగలేదు. తెర పాలిపోయి, "స్పందించడం లేదు" అని అక్షరాలొచ్చాయి. మంత్రిగారు నలభైసార్లు నొక్కారు. విలేకరులు టీ తాగి, బిస్కెట్లు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు గేటు దాటిన పావుగంటకు వంతెనకు చలనం వచ్చి, ఆయన ఇచ్చిన ఆదేశాలన్నీ వరసగా పాటిస్తూ ఖాళీ హాల్లో బొంగరంలా తిరిగింది. "మంత్రిగారి స్పర్శకు వంతెన కదిలింది" అని రాశాను. అందులో అబద్ధం ఎక్కడుంది?

పైగా ఆ రోజు తెర మీద ఉన్నది సగం వంతెనే. నదికి ఎడమ గట్టున పట్నం, ఆసుపత్రి, మా ఆఫీసు. కుడి గట్టున జనం. మధ్యలో పడవ. వంతెన ఎడమ సగం పని మంత్రిగారి బావమరిదికి దక్కింది, కుడి సగం ఆయన వియ్యంకుడికి దక్కింది. గిట్టనివాళ్ళు దీన్ని బంధుప్రీతి అన్నారు. శుద్ధ తప్పు. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. మూడేళ్ళుగా మాటల్లేవు. అలాంటివాళ్ళని ఒక వంతెనతో కలపాలనుకోవడం మంత్రిగారి పెద్దమనసు. ఎవరి సగాన్ని వాళ్ళు గీయించుకుని మోడల్‌ని మా ఆఫీసుకు పంపారు. రెండిటినీ ఒకేచోట పెట్టి చూడాల్సిన పని మా డిజైనరమ్మది.

డిజైనరమ్మ ఇల్లు కుడి గట్టున. అత్తగారికి మోకాళ్ళు పనిచేయవు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకురావాలి. చక్రాల కుర్చీతో సహా ఆ పెద్దావిడను నలుగురు పట్టి పడవలోకి ఎక్కిస్తారు, నలుగురు పట్టి దింపుతారు. ఒకసారి ఒకడి కాలు జారి ఆవిడ నడుము దాకా నీళ్ళలో మునిగింది. ఆ రోజు తడిసిన చీరతో వణుకుతున్న అత్తగారితో కోడలు, "వచ్చే ఏడాది ఈపాటికి మీకు నీళ్ళ చుక్క తగలకుండా తీసుకెళ్తాను అత్తయ్యా, నాదీ పూచీ" అంది. అత్తగారు ఆ మాట వీధివీధంతా చెప్పుకుంది. కోడలు వంతెన కడుతోందని.

రెండు సగాల కొలతలూ పోల్చి చూస్తుంటే డిజైనరమ్మకు అనుమానం వచ్చింది. బావమరిది మనుషులు వరదలప్పుడు నీళ్ళు తాకిన గీతను సున్నా అనుకుని, అక్కణ్ణుంచి ఎత్తు లెక్కపెట్టారు. వియ్యంకుడి మనుషులు ఎండాకాలపు నీటి మట్టాన్ని సున్నా అనుకున్నారు. ఎవరి సున్నా వాళ్ళకు ముద్దు. ఆవిడ కాగితం మీద లెక్కవేస్తే, నది మధ్యకొచ్చేసరికి ఎడమ సగం కుడి సగం కంటే మనిషి నిలువెత్తు పైన ఉంటుందని తేలింది. ఆ కాగితం తీసుకుని పెద్దింజనీరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కాగితాన్ని ముట్టుకోలేదు. కాగితం రద్దయింది కదమ్మా, కంప్యూటర్లో చూపించు, వెంటనే పని ఆపిస్తాను అన్నారు.

ఆవిడ కంప్యూటర్‌కి ఒక్కో సగాన్ని తెరవడానికే ఇరవై నిమిషాలు. రెండు సగాలూ, మధ్యలో నదీ, మూడూ కలిపి తెరవమంటే దానికి ఊపిరాగిపోయేది. అందుకని మంత్రిగారి పరువూ, డిజైనరమ్మ పూచీ ఒకే కొత్త కంప్యూటర్ మీద ఆధారపడ్డాయి. కొనడానికి ఎనిమిదిమందితో కమిటీ వేశారు. డిజైనరమ్మ ఎనిమిదో మనిషి.

కమిటీ మొదటి సమావేశంలోనే మంత్రిగారి సూక్ష్మబుద్ధి బయటపడింది. అసలు కంప్యూటర్ లోపల పనెవరు చేస్తారని అడిగారు. కోర్లు అనేవి ఉంటాయి, లోపలి పనివాళ్ళు అనుకోండి సార్ అంది డిజైనరమ్మ. అయితే ఎన్ని కోర్లు కావాలన్నారు కార్యదర్శిగారు.

"ఎన్నున్నా ఒకటే సార్. మోడల్ తిప్పే పనంతా దాదాపు ఒక్క కోరే చేస్తుంది. మిగతావి చూస్తూ కూర్చుంటాయి. ఆ ఒక్కటి చురుకైనదైతే చాలు."

పెద్దింజనీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవర్ని ఉద్దేశించి అంటున్నావమ్మా?"

"కంప్యూటర్ని సార్."

ఎవరూ నమ్మలేదు. మంత్రిగారు మాత్రం ప్రసన్నంగా నవ్వారు. ఒకడు పనిచేస్తుంటే పదిమంది చూస్తూ కూర్చోవడం ఆయనకు కొత్తకాదట, ఇరవై ఏళ్ళుగా పార్టీ నడుపుతున్నారట. దానికి మందు మనుషుల్ని పెంచడమేనట. దుకాణంవాడు తెచ్చిన జాబితాలో ఎనిమిది చురుకైన కోర్ల మిషన్ ఒకటి, అరవై నాలుగు నిదానమైన కోర్ల మిషన్ ఒకటి ఉన్నాయి. అరవై నాలుగు ఏకగ్రీవంగా నెగ్గింది. డిజైనరమ్మ వద్దని చెయ్యెత్తింది కానీ, ఏదో అడగడానికి ఎత్తిందనుకుని మంచినీళ్ళిచ్చారు.

తర్వాత ర్యామ్ గురించి చర్చ. పనిచేసేటప్పుడు సామాను పరుచుకునే బల్లలాంటిది, పెద్దగా ఉండాలి, నూట ఇరవై ఎనిమిది జీబీ కావాలి అని ఆవిడ వివరించింది. కరెంటు పోతే అందులో ఉన్నవన్నీ ఏమవుతాయని మంత్రిగారు అడిగారు. అన్నీ మర్చిపోతుంది సార్ అంది. మంత్రిగారికి ఆ వస్తువు చాలా నచ్చింది, వెంటనే మంజూరు చేశారు. అంత ర్యామ్ ఒకే మనిషికి ఇవ్వడం అన్యాయమని కార్యదర్శిగారు లేచారు. ఎనిమిదిమంది సభ్యులకూ తలా పదహారు పంచారు. సామాజిక న్యాయం అంటే అదీ. బొమ్మలు చకచకా తిప్పే గ్రాఫిక్స్ కార్డు మంత్రిగారి ఛాంబర్‌లోని కంప్యూటర్‌కి వెళ్ళింది, ఆయన ప్రసంగాల వీడియోలు మసకగా వస్తున్నాయని. డిజైనరమ్మకు కార్డు వచ్చిన అట్టపెట్టె ఇచ్చారు, భద్రపరచమని.

కొత్త మిషన్ వచ్చింది. పక్కన అద్దం తలుపు, లోపల ఎరుపూ నీలం దీపాలు. రిబ్బన్ కత్తిరించి ఫొటోలు దిగాం. అందరం వెళ్ళాక డిజైనరమ్మ ఎడమ సగాన్ని తెరిచింది. పాతదాంట్లో ఇరవై నిమిషాలు పట్టేది, ఇందులో ముప్ఫై ఒకటి. మొత్తం వంతెన తెరవమంటే దీపాలు ఇంకాస్త అందంగా వెలిగాయి, అంతే. ఒక మూలన కోర్ల పనితీరు చూపించే గీతలున్నాయి. ఒక గీత పైకప్పుకు తగిలింది. అరవై మూడు నేలమీద పడుకున్నాయి. పెద్దింజనీరుగారు అమ్మినవాడిని సంజాయిషీ అడిగారు. మీ అరవై మూడు కోర్లూ హాజరులోనే ఉన్నాయి, పిలిస్తే పలుకుతాయి, పిలిచే పనే రాలేదు అని వాడు సమాధానం పంపాడు. హాజరు సరిగ్గా ఉంటే శాఖ నిబంధనల ప్రకారం తప్పు లేదు. ఫైలు మూసేశారు.

అటు గట్టుమీద స్తంభాలు లేస్తున్నాయి. ఇటూ లేస్తున్నాయి.

ఒక సాయంత్రం డిజైనరమ్మ నన్ను సాక్షిగా రమ్మని మా వీధి చివరి ఆటల దుకాణానికి తీసుకెళ్ళింది. కుర్రకారు వరసగా కూర్చుని తెరల మీద ఒకర్నొకరు కాల్చుకునే చోటు. దుకాణదారు బొద్దుగా, నిదానంగా ఉన్నాడు. ఆవిడ మోడల్ పెట్టగానే ఇందులో ఎవర్ని కాల్చాలండీ అని అడిగాడు. మూడు నిమిషాల్లో రెండు సగాలూ నదితో సహా తెరుచుకున్నాయి. వేలితో తోస్తే తిరిగినంత సుళువుగా తిరిగింది వంతెన. నది నడిమధ్యకు తీసుకెళ్ళి ఆపింది. ఎడమ రోడ్డు గాల్లో ఆగిపోయి ఉంది. దాని కింద, మనిషి నిలువెత్తు లోతున, కుడి రోడ్డు మొదలవుతోంది.

"ఇక్కణ్ణుంచి దూకాలా అండీ?" అన్నాడు దుకాణదారు ఆసక్తిగా.

"మా అత్తయ్య దూకలేదు" అంది డిజైనరమ్మ.

ఆవిడ గొంతు విని నాకు సిగ్గేసింది. ఎందుకు సిగ్గుపడాలో చాలాసేపు ఆలోచించాను కూడా. కానీ అది ప్రకటనలో రాసే విషయం కాదు.

మర్నాడు ఆవిడ ఆ దృశ్యాన్ని ఫోన్లో పెట్టుకుని కమిటీకి చూపించింది. శాఖ ఆమోదించని మిషన్లో శాఖ వంతెనను తెరిచినందుకు ముందుగా ఆవిడకు మెమో ఇచ్చారు. తర్వాత పెద్దింజనీరుగారు శాంతంగా వివరించారు.

"మనం ఆమోదించిన మిషన్లో ఇంతవరకూ ఏ తప్పూ కనపడలేదు కదమ్మా."

"అది తెరుచుకోవడమే లేదు కదా సార్."

"అదే నేనూ అంటున్నాను. తెరుచుకోని దాంట్లో తప్పెలా ఉంటుంది?"

డిజైనరమ్మ ఫోన్ కిందపెట్టలేదు. పని ఇప్పుడే ఆపకపోతే కట్టాక సరిచేయలేమని, డిజైన్ కింద తన సంతకం ఉండాలని, అది తను పెట్టనని అంది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. పరిస్థితి చేయిదాటుతోందని గ్రహించి మంత్రిగారు స్వయంగా రంగంలోకి దిగారు.

సగం సగం విడిగా అయితే తెరుచుకుంటాయి కదా అన్నారు. రెండు కంప్యూటర్లు తెప్పించారు. ఒకదాంట్లో ఎడమ సగం, రెండోదాంట్లో కుడి సగం తెరిపించారు. రెండు తెరలనూ బల్లమీద అంచుకు అంచు ఆనించి పెట్టించారు. రెండు బొమ్మల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో వచ్చేట్టు డిజైనరమ్మే సరిచేసింది. నిజమే, ఎడమ రోడ్డు పైన ఉంది, కుడిది కింద ఉంది. చూశారా సార్ అంది ఆవిడ. చూశానమ్మా అన్నారు మంత్రిగారు. అటెండరును పిలిచి, గోదాములో పాత ఫైళ్ళ కట్టలున్నాయి కదా, పట్టుకురా అన్నారు.

కుడి తెర కింద ఒక కట్ట పెట్టారు. రోడ్డు కొంచెం లేచింది. రెండో కట్ట పెట్టారు. ఇంకొంచెం. మూడోదాన్ని అడ్డంగా దూర్చేసరికి రెండు రోడ్లూ చక్కగా, గీత గీసినట్టు కలిశాయి. కమిటీ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. రద్దయిన కాగితాలకు కూడా జాతి నిర్మాణంలో పాత్ర కల్పించిన ఘనత లోకంలో ఇంకెవరికి దక్కుతుంది?

"కలిసింది చూశావా అమ్మా" అన్నారు మంత్రిగారు.

"రోడ్డు కలిసింది సార్. నది విరిగింది." ఆవిడ వేలుపెట్టి చూపించింది. ఎడమ తెరలో నీళ్ళు కింద, కుడి తెరలో నీళ్ళు పైన.

మంత్రిగారు దగ్గరికి వంగి శ్రద్ధగా చూశారు.

"నది మన శాఖ కాదమ్మా. అది నీటిపారుదల వాళ్ళది. ఒక లేఖ రాయిద్దాం."

లేఖ రాయించారు. సంతకానికి డిజైనరమ్మ అవసరం లేదని కూడా అదే రోజు తేలింది. అరవై నాలుగు కోర్ల మిషన్ ఆమోదించినట్టు ముద్ర వేస్తే చాలని కార్యదర్శిగారు ఉత్తర్వు తీశారు.

ఏడాది గడవకముందే ప్రారంభోత్సవం జరిగింది. మాట అంటే అది. ఆ ఉదయం నేను రాసిన ప్రకటన మీరు పత్రికల్లో చదివే ఉంటారు. "ఒక వంతెన అడిగిన ప్రజలకు రెండు వంతెనలు." రెండు రిబ్బన్లు, రెండు శిలాఫలకాలు, రెండింటి మీదా మంత్రిగారి పేరు. బావమరిది వంతెన మీద ఒక బ్యాండు, వియ్యంకుడి వంతెన మీద ఒక బ్యాండు వాయించాయి, వేర్వేరు పాటలు. నేను మంత్రిగారితో పాటు ఎడమ వంతెన చివరిదాకా నడిచాను. రోడ్డు నున్నగా ఉంది. చివర కొత్త రంగు వాసన.

కింద, కుడి వంతెన చివర, డిజైనరమ్మ కనిపించింది. అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అంతదూరం తోసుకొచ్చింది. రావద్దని ఎంత చెప్పినా ఆవిడే వినలేదట, కోడలు కట్టిన వంతెన చూడాలని ఉతికిన చీర కట్టుకుని బయల్దేరిందట. ఆ పెద్దావిడ తలెత్తి మంత్రిగారిని చూసి నమస్కారం పెట్టింది. మంత్రిగారు వంగి ప్రతినమస్కారం చేశారు. కెమెరాలన్నీ అటు తిరిగాయి.

"వంతెన బాగుందా పెద్దమ్మా?"

"బాగుంది నాయనా. నున్నగా ఉంది. మరి నేనిప్పుడు పైకెలా రావాలి?"

బ్యాండ్లు అప్పుడే ఆగాయి కాబట్టి ఆ ప్రశ్న అందరికీ వినపడింది. మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నావైపు తిరిగి, "రాసుకోవయ్యా. మూడో వంతెన మంజూరు" అన్నారు.

"పొడవెంతని రాయమంటారు సార్?"

ఆయన కిందికి చూసి కంటితోనే కొలిచారు.

"ఆరడుగులు. నిలువుగా."

చప్పట్లతో రెండు వంతెనలూ దద్దరిల్లాయి. నేను జేబులోంచి పుస్తకం తీసి అక్కడికక్కడే ప్రకటన మొదలుపెట్టాను. మూడో వంతెన వార్త వినగానే ఆ వృద్ధురాలి కళ్ళలోంచి ఆనందబాష్పాలు రాలాయని రాసి, సరిచూసుకుందామని కిందికి వంగాను. డిజైనరమ్మ అప్పటికే కుర్చీని వెనక్కి తిప్పేసింది. పడవ వెళ్ళిపోతుందేమోనని వేగంగా తోసుకెళ్తోంది.