నిటారు పొగ

చావుకు తప్ప ఆ వీధిలో ఎవరూ ఎవరి గడపా తొక్కరు. కుజిరాయ్‌కి ఇందులో అనుమానమేమీ లేదు. భార్య పోయిన రోజు వీధి వీధంతా వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, టీ తాగి వెళ్లింది. ఆ తర్వాత తలుపు తట్టింది గ్యాసు మీటరు చూసేవాడొక్కడే.

యూనివర్సిటీలో భౌతికశాస్త్రం ఉద్యోగం వదిలేసి, సబ్బుబుడగల పొరలకూ పాలచుక్కల చిందులకూ ఫొటోలు తీయడం మొదలుపెట్టాక అక్కడివాళ్లూ మొహం చాటేశారు. "పెళ్లిళ్లకి కూడా తీస్తావుటయ్యా?" అని విభాగాధిపతి ఒకిత్సు అందరి ముందూ అడిగాడు. ఆ మాట కుజిరాయ్ మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. అగరుబత్తి పొగ దారంలా నిటారుగా లేచి, ఉన్నట్టుండి తెగి సుడులు తిరుగుతుంది. ఆ తెగే క్షణం ఫొటో కావాలి. సాయంత్రానికి అందితే సైన్సు పత్రిక ముఖచిత్రం ఆయనది. అందకపోతే ఒకిత్సు శిష్యుడు తీసిన అయస్కాంతం బొమ్మ వేస్తామని సంపాదకురాలు తేల్చి చెప్పేసింది.

పాత చెక్క ఇల్లు, ప్రతి సందులోంచీ గాలి. వేడికి గాలి కదులుతుందని ఆయన హీటరు ఆర్పేశాడు. వెనక నల్లగుడ్డ కట్టి, ముందు కెమెరా, మూలమూలా ఫ్లాష్ దీపాలు పెట్టాడు. బూడిద గిన్నెలో బత్తి వాలిపోతుంటే తీసి, గిన్నెడు చద్దన్నంలో గుచ్చాడు. పొగ ఎత్తు కొలవడానికి పక్కనే, అదే అన్నంలో, తినే పుల్లలు చాప్‌స్టిక్కులు నిలబెట్టాడు. చలికి దుప్పటి కప్పుకుని గిన్నె పక్కనే వెల్లకిలా పడుకున్నాడు. ఊపిరి పొగకు తగలకుండా మొహం మీద పల్చటి తెల్లగుడ్డ వేసుకున్నాడు. గుడ్డలోంచి పొగ కనిపిస్తూనే ఉంది. కెమెరా తీగ చివరి మీట దుప్పటి కింద చేతిలో ఉంది.

పక్కింటి ఇనగాకమ్మ, వీధి సంఘం చేతులు మార్చే నోటీసు పలక ఇవ్వడానికి వచ్చి గడప బయటినుంచే పిలిచింది. పలికితే పొగ కదులుతుందని ఆయన పలకలేదు. ఆవిడ తలుపు తోసింది.

ఆ దేశపు ఆచారంలో, అన్నంలో నిలబెట్టిన పుల్లలు చచ్చినవాడి తలాపునే ఉంటాయి. మొహం మీద తెల్లగుడ్డా అంతే.

"ఏమండోయ్! కుజిరాయ్ గారు మనకిక లేరండీ!"

మొగుడు పరుగున వచ్చాడు. చెయ్యి ముట్టుకుని, "మంచుగడ్డే," అన్నాడు. "అదిసరే, ఒంటరి మనిషి కదా, పడుకోబెట్టి అన్నం పెట్టిందెవరే?"

"ఎవరు పెడతారు? మనం రామని తెలుసుగా. అన్నీ తనే సర్దుకుని కన్నుమూశాడు, మహానుభావుడు!"

కుజిరాయ్ లేచి నాలుగు దులిపేద్దామనుకున్నాడు. అంతలో వీధి జనం వచ్చిపడ్డారు. చలికి ఓర్వలేక తలుపు సందుల్లో మఫ్లర్లు కుక్కారు. గోడ పొడవునా ఒకళ్లనొకళ్లు ఆనుకుని కూర్చున్నారు. గాలి ఆగిపోయింది. చలికాలమంతా ఆయనకు చేతకాని పని అది. పొగ మెల్లగా నిటారవుతోంది. ఇప్పుడు లేస్తే ముఖచిత్రం ఒకిత్సు శిష్యుడిది. ఆయన చచ్చినట్టే పడుకున్నాడు.

"నమస్కారం పెడితే గోడకి పెట్టినట్టుండేది," అంది ఒకావిడ.

"ఊరుకోండమ్మా, వింటాడు."

"వింటే లేచి తిట్టడూ?"

బత్తి అయిపోవచ్చింది. "ఒక్కటే ఉండాలి, ఆరిపోకూడదు," అంటూ ఇనగాకమ్మ ఆచారం తప్పకుండా అదేచోట కొత్తది గుచ్చింది. కుజిరాయ్ ఆమెను మొదటిసారి మనసులో మెచ్చుకున్నాడు.

కబురందిన ఒకిత్సు వచ్చాడు. గిన్నె వెనక, నల్లగుడ్డ ముందు కూలబడ్డాడు. "మా విభాగంలో చూడటం తెలిసినవాడు ఇతనొక్కడే," అని బావురుమన్నాడు. "మేమంతా లెక్కలు రాసుకుంటూ గుడ్డివాళ్లమైపోయాం. ఆ ముఖచిత్రం ఇతనిదే కావాలి!" టోపీ తీసి, బోడితల నేలకు ఆనించాడు. గదంతా వంగింది. ఎవరూ ఊపిరి తీయలేదు.

పొగ దారంలా పైకి లేచింది. తెగబోతోంది. కుజిరాయ్ మీట నొక్కాడు.

మూలమూలలా మెరుపులు మెరిశాయి.

"శవం మెరిసిందర్రోయ్!"

"కదలకండి!" అని శవం లేచి కూర్చుంది. "ఇంకొక్కటి!"

అప్పటికి మఫ్లర్లు తప్ప గదిలో ఎవరూ మిగల్లేదు. ఒకిత్సు ఒక్కడే, మోకాళ్లు పట్టేసి లేవలేకపోయాడు. కుజిరాయ్ ఆయన వంక చూసి, "మీరన్నవన్నీ విన్నాను సార్," అన్నాడు.

ఒకిత్సు కళ్లు తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడు. "అవి పోయినవాడి గురించి చెప్పినవి. నీ గురించి కాదు."

సాయంత్రానికి ఫొటో అందింది. మర్నాడు ఎవరూ రాలేదు. బతికే ఉన్నాడని తెలిసిపోయింది కదా.

ముఖచిత్రం వచ్చిన రోజున ఒకిత్సు ఫోను చేశాడు. "పొగ సంగతలా ఉంచు. దాని వెనక చీకట్లో నున్నగా మెరిసే గోళం పెట్టావే, మా వాళ్లంతా దాన్నే మెచ్చుకుంటున్నారు. ఎక్కడ దొరికిందోయ్ అది?"

"ఆ రోజు సంగతి నేనిక జన్మలో మాట్లాడను," అని కుజిరాయ్ ఫోను పెట్టేశాడు. మాట్లాడలేదు కూడా.