బోడితిప్ప జలవార్త

“నూకరాజూ... ఒరేయ్ నూకరాజూ, ఎక్కడ చచ్చావురా.”

ఉప్పునీళ్ళలో కాళ్ళు నానబెట్టుకుని నిలబడ్డ ఒక పెద్ద మడ అడవిలో, ఏరు సముద్రంలో కలిసే చోట, తెల్లవారుతూనే ఆ పిలుపు వినిపించింది. పిలిచింది మీన సమాచార కచేరీ పెద్ద, బావురుపిల్లి దండపాణి గారు. పలకాల్సింది అదే కచేరీలో చాటింపు వేసే కుర్ర లకుముకి పిట్ట, నూకరాజు.

నూకరాజు పలకలేదు. వినబడక కాదు. ఎదుటి గట్టు మీద లకుముకి పిల్ల ముత్యాలు రెక్క విప్పి ఆరబెట్టుకుంటోంది. ఎండ ఇంకా రాలేదు గానీ, ఆ రెక్క కింది నీలం చూస్తే వచ్చేసిందేమో అనిపించింది వాడికి. చైత్రమాసం. మడపూల వాసన మోసుకుంటూ దక్షిణం నుంచి పైరగాలి వీస్తోంది. అలాంటి గాలిలో ఉద్యోగం గుర్తుపెట్టుకోవడం ఏ కుర్రాడికైనా కష్టమే.

ఇంకోసారి పిలిచాక “ఆయ్, వస్తున్నానండి” అంటూ ఎగిరాడు.

ఆ కచేరీ పుట్టడానికి కారణం ఉంది. వసంతం వస్తే సముద్రం తేటపడి, చేపలు గుంపులుగా ఏట్లోకి ఎక్కుతాయి. ఎక్కడం వరకూ నిజం. ఏ కాలవలోకి ఎక్కాయో మాత్రం ఎవరికీ తెలియదు. కొంగలు, నీటికాకులు, గూడబాతులు తలో దిక్కూ తిరిగి తిరిగి, చివరికి ఆకలి మీద ఒకళ్ళనొకళ్ళు పొడుచుకునేవి. అందుకని సభ పెట్టి, రోజూ పొద్దున్నే చేప ఎక్కడుందో చెప్పే కచేరీ ఒకటి ఉండాలని తీర్మానించారు. పెద్దగా ఎవరిని పెట్టాలన్నది మాత్రం తేలలేదు. చేపలు పట్టేవాడైతే తనవాళ్ళకే చెప్పుకుంటాడు. దండపాణి గారు తడవగా ఎవరూ చూడలేదు. ఆయన బొచ్చు ఎప్పుడూ దువ్వినట్టు పొడిగా ఉండేది. నీళ్ళలో దిగనివాడే నీళ్ళ సంగతి నిజాయితీగా చెప్పగలడని అందరూ ఒప్పేసుకున్నారు. ఎవరూ చూడనప్పుడు ఆయన దిగుతారని సభకి తెలియదు.

నూకరాజుకి ఉద్యోగం వచ్చింది గొంతు వల్ల. కొంత నీలం కోటు వల్ల కూడా.

ఆ పొద్దున వాడు ఏటి మీద ఓ చుట్టు చుట్టి వచ్చి, రెల్లుకాలవలో వెండి పోసినట్టు చేపలు మెరుస్తున్నాయని చెప్పాడు. దండపాణి గారు మీసం సవరించుకుని, బోడితిప్ప దగ్గరున్నాయని చాటమన్నారు.

నూకరాజు తెల్లబోయాడు. బోడితిప్ప అంటే ఒట్టి ఒండ్రు మేట. అక్కడ కాకి కూడా వాలదు.

నిజం చెబితే మంది ఎగబడతారనీ, మంది ఎగబడితే చేప బెదిరిపోతుందనీ, చేపని కాపాడటం కచేరీ బాధ్యత అనీ ఆయన నెమ్మదిగా వివరించారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “మనిద్దరం రెల్లుకాలవకి పోదాం. నీకూ పెళ్ళిచేప కావాలి కదరా” అన్నారు.

ఆ మాటతో వాడి నోరు కట్టుబడిపోయింది. లకుముకి పిట్టల్లో ఆచారం అది. పెళ్ళికొడుకు తాను పట్టిన చేపని, తల పిల్ల వైపు తిప్పి, ఆమె ముక్కుకి అందించాలి. అందుకుందా, ఇద్దరూ గట్టులో కన్నం తవ్వుకుని కాపురం పెడతారు. చేప లేకుండా ఎన్ని కూతలు కూసినా అది గాలి కిందే లెక్క. చైత్ర పున్నమి పోటు దాటితే ఆ ఏటికి ముహూర్తాలు లేవు.

నూకరాజు ఎత్తయిన కొమ్మెక్కి చాటాడు. “పైరగాలి మోస్తరుగా వీచును. నీరు తేట. బోడితిప్ప పరిసరాల్లో అక్కడక్కడా ఓ మోస్తరు చేపలు, ఒకటి రెండు చోట్ల భారీ చేపలు పడే అవకాశం కలదు.”

గూడబాతుల పెద్ద సత్తెమ్మ పిన్ని సంచిలాంటి గడ్డం ఊపింది. “బోడితిప్పలో బురద తప్ప ఏముందర్రా. సరే, కచేరీ చెప్పాక తప్పుతుందా. పదండి, గూళ్ళలో పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూచున్నారు.”

అందరూ బోడితిప్పకి పోయారు. పిల్లీ పిట్టా చప్పుడు చేయకుండా రెల్లుకాలవకి పోయారు.

పొద్దున మెరిసిన చేపలన్నీ కాలవ మధ్యలో ఉన్న లోతు మడుగులో దిగి కూచున్నాయి. నూకరాజు మునక అంత లోతుకి అందదు. దండపాణి గారి పంజా అసలే అందదు. గట్టున కూచుని ఇద్దరూ నీళ్ళలో తమ మొహాలు చూసుకున్నారు. ఎండెక్కాక ఖాళీగా తిరిగొచ్చేసరికి, అడవి అడవంతా పండగలా ఉంది. సత్తెమ్మ పిన్ని గడ్డం పట్టనంత చేప. కొంగలు కదల్లేక ఒంటికాలి మీద కునుకుతున్నాయి. కచేరీ మాటంటే మాటేనని ఊరంతా పొగుడుతోంది.

మర్నాడు ఆయన ఇంకో వట్టి చోటు చెప్పించారు. అక్కడా పడ్డాయి. ఆ మర్నాడు పీతలు కూడా వదిలేసిన ఎండు పాయ పేరు చెప్పించారు. అక్కడా పడ్డాయి. అబద్ధం చెప్పిన చోటల్లా చేప పుట్టుకొచ్చింది. ఉన్నచోటు తెలిసిన ఇద్దరూ రోజూ ఆ మడుగు దగ్గరే పస్తు. మందితో కలిసి దిగుదామంటే, కచేరీ ఉద్యోగి జనంలో పడి చేపలు పడితే పరువేం కానని దండపాణి గారు ఒప్పుకోలేదు. ఆయనకి మడపూల దండ వేసి జలజ్ఞాన శిరోమణి అన్నారు. పొట్ట లోపలికి పోయిందేమో, దండ మోకాళ్ళ దాకా వేలాడింది.

ముత్యాలు ఒకసారి నూకరాజు కొమ్మ మీదికి వచ్చి వాలింది. “ఊరందరికీ చేప చూపిస్తావు. నా దగ్గరికొచ్చేసరికి ఉత్త ముక్కు. పున్నమి ఎల్లుండే, గుర్తుందా?”

వాడు ఏదో చెప్పబోయి, ఆమె కళ్ళ చుట్టూ మెరుస్తున్న ఉప్పునీటి చుక్కలు చూస్తూ మర్చిపోయాడు.

పున్నమికి ముందు రోజు దండపాణి గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అబద్ధం చెప్పిన చోటే చేప పడుతోంది కదా, అయితే జనాన్ని నిజం చెప్పి రెల్లుకాలవకి తోలేసి, తామిద్దరూ బోడితిప్పకి పోతే సరి. నూకరాజు మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చాటాడు. బోడితిప్ప మీద చాలాసేపు ఇద్దరూ బురద చూశారు. కాసేపటికి పంజాకి ఒండ్రు అంటి, దండపాణి గారు విదిలించుకుంటూ కూచున్నారు.

నూకరాజు ఉండబట్టలేక ఎగిరి రెల్లుకాలవ పైకి పోయాడు. పైనుంచి చూస్తే బొమ్మ గీసినట్టుంది. గూడబాతులు అర్ధచంద్రంలా వరస కట్టి రెక్కలతో నీళ్ళు కొడుతున్నాయి. నీటికాకులు మడుగులో మునిగి కింది నుంచి తరుముతున్నాయి. లోతులో దాక్కున్న చేపలన్నీ గట్టు వారకొచ్చి కొంగల కాళ్ళ మధ్య గెంతుతున్నాయి. అంతా కలిసి దిగితే బురద కదిలి పురుగు లేస్తుంది, పురుగు వెనక రొయ్య, రొయ్య వెనక చేప, పోటుతో పాటే వచ్చేస్తాయి. కచేరీ చెప్పిన చోటికి చేప రావడం లేదు. వీళ్ళు వెళ్ళిన చోటికి వస్తోంది. ఆ సంగతి తట్టేసరికి వాడు గాల్లోనే ఆగిపోయాడు.

పున్నమి పొద్దున సభ కూడింది. ఏరు ఒక్కటే కాదు, తీరం పొడుగునా ఏళ్ళు సముద్రంలో కలిసే మొగలన్నిటికీ దండపాణి గారినే పెద్దని చేద్దామన్నారు. ఆయన వణుకుతున్న కాళ్ళ మీద లేచి, వినయంగా తల వంచారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఇవాళ్టి చోటు చెప్పమని సత్తెమ్మ పిన్ని అడిగింది.

నూకరాజు కొమ్మెక్కాడు. ముందు వరసలో ముత్యాలు.

“కచేరీకి ఏమీ తెలియదు పిన్నీ” అన్నాడు చివరికి. “ఇన్నాళ్ళూ మేం చెప్పింది చేప లేని చోట్లే. మీరంతా కలిసి వెళ్ళారు కాబట్టి వచ్చింది.”

మరుక్షణం సత్తెమ్మ పిన్ని గడ్డం ఊగేలా నవ్వింది. “చూశారా, ఎంత అణకువో. పెద్దాయన దగ్గర నేర్చుకున్న బుద్ధి. సరేగానీ నాయనా, చోటు చెప్పు. పోటు వచ్చేస్తోంది.”

దండపాణి గారు ఊపిరి పీల్చుకుని, బోడితిప్ప అని నీరసంగా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టి బయల్దేరారు.

ముత్యాలు ఒక్కతే కదల్లేదు. కొమ్మ మీదికి వచ్చి, వాడి రెక్కకి రెక్క తగిలేంత దగ్గరగా కూచుంది.

“పిన్ని వాళ్ళ వరసలో మనిద్దరికీ చోటుంటుంది, పద” అంది. “అక్కడ పట్టి ఇద్దువుగాని. ముందు నాకొక్కదానికి నిజం చెప్పు. ఇన్నాళ్ళూ నాకు చేపెందుకు తేలేదు?”

నూకరాజు దూరంగా, దండ ఈడ్చుకుంటూ మళ్ళీ రెల్లుకాలవ వైపే పోతున్న దండపాణి గారిని చూశాడు. ఆ తర్వాత గొంతెత్తి, చాటింపు వేసినంత స్పష్టంగా అన్నాడు.

“ఈ అడవిలో చేప ఎక్కడుందో తెలిసినవాళ్ళం మేమిద్దరమే ముత్యాలూ. చేప రుచి మర్చిపోయిందీ మేమిద్దరమే.”