నాచారం మహారాజధాని

ఉప్పల్ పక్కనున్న మా నాచారం ఒకప్పుడు మహాసామ్రాజ్యానికి రాజధాని అని మంత్రి కనకరాజుగారు ప్రకటించినప్పుడు నేనక్కడే ఉన్నాను. కుర్చీలు చాలక నిలబడి విన్నాను కాబట్టి నా భక్తి ఇంకొంచెం ఎక్కువే.

ఆధారం మా కాలనీలోనే దొరికింది. మంచినీళ్ళ పైపు కోసం రోడ్డు తవ్వుతుంటే వెడల్పాటి ఇటుకలు నాలుగు బయటపడ్డాయి.

"పాటలీపుత్రానికి గంగ ఉన్నది, బాబిలోనుకు యూఫ్రటీసు ఉన్నది. మనకు మూసీ లేదా?" అనడిగారు మంత్రిగారు.

ఉందని అందరం ఒప్పుకున్నాం. ముక్కున్నవాడెవడూ కాదనలేడు.

రాజధాని మీద గునపం పడరాదని ఆర్డరొచ్చింది. పైపు సరిగ్గా మా వీధి రాజేశ్వరమ్మ ఇంటి ముందాగిపోయింది. తవ్వినప్పుడు పాత లైను కూడా తెగడంతో వీధి కుళాయి ఎండిపోయింది. రాజేశ్వరమ్మ కోడలికి నెలలు నిండాయి. కాన్పు నాటికి ఇంట్లో నీళ్ళుండాలని ఆమె ఒకటే ఫికరు.

"సారూ, రాజధాని ఏడికీ పోదు గదా. జర మా ఇంట్లకు పైపు ఏసి, తర్వాత సామ్రాజ్యం తవ్వుకోండ్రి" అంది.

"నీళ్ళదేముందమ్మా, ఇయ్యాల గాకుంటే రేపొస్తయి. చరిత్ర మల్ల రాదు" అన్నారు మంత్రిగారు. అంత బిజీలోనూ ఆమెకు జవాబిచ్చారు, అదీ గొప్పతనం.

తవ్వకాలకు స్పెషలాఫీసరుగా అచ్యుతరావుగారిని వేశారు. అంతకుముందు ఆయన కోళ్ళ అభివృద్ధి చూసేవారు. మ్యూజియం పెట్టాలంటే నాలుగిటుకలు చాలవని ఆయనకు మొదటిరోజే అర్థమైంది. మంత్రిగారితో కలిసి వీధులన్నీ తిరిగి, కుళాయి దగ్గర ఠక్కున ఆగారు.

మా దగ్గర మనుషులు లైన్లో నిలబడరు. బిందె పెట్టి ఇంటిపని చూసుకుంటారు, బిందె లేనివాళ్ళు ఇటుక పెడతారు. నీళ్ళు రాక ఆ వరస కిరాణా కొట్టుదాకా దుమ్ము కొట్టుకుని ఉంది.

"సర్, ఇదంతా ఒక ప్లాను ప్రకారం ఉంది. మధ్యమధ్య అవే ఇటుకలు" అన్నారు అచ్యుతరావుగారు.

"మస్తున్నది. జీపుల ఎక్కియ్యండ్రి" అన్నారు మంత్రిగారు.

రాగివీ ఇత్తడివీ ఎక్కించారు. ప్లాస్టిక్ బిందెలు మాత్రం తర్వాతి రాజవంశానివని వదిలేశారు.

రాజేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చింది. "గా రాగిబిందె నాది సారూ. నా నంబరు రెండోది."

"మీది కాదమ్మా, జాతిది" అన్నారు అచ్యుతరావుగారు ఎంతో మర్యాదగా.

కమ్యూనిటీ హాల్లో మ్యూజియం తెరిచిన రోజు పొద్దున్నే రాజేశ్వరమ్మ కోడలు ప్రసవించింది, ఆడపిల్ల. అదే పూట కాలనీకి నీళ్ళ ట్యాంకరొచ్చింది. మంత్రిగారి కారు మీద దుమ్ము పడకుండా రోడ్డంతా తడిపింది. పట్టుకుందామంటే రాజేశ్వరమ్మకు బిందె లేదు. నేరుగా హాల్లోకొచ్చి అద్దాల పెట్టె ముందు నిలబడింది. లోపల ఆమె బిందె తళతళలాడుతోంది, కింద అచ్చు వేయించిన అట్ట.

"ఏం రాసిన్రు సారూ?" అని నన్నడిగింది.

చదివి వినిపించాను. "రాగి పాత్ర. రాజధాని ప్రజలు దీన్ని దేనికి వాడేవారో తెలియరాలేదు. లోపల నీటి ఆనవాళ్ళు లేవు."

"గా ఆఖరు ముక్క నిజమే రాసిన్రు" అంది. బయట ట్యాంకరు వెళ్ళిపోతోంది.