అత్తగారి కుర్చీకి అరువు కాలు

మా అత్తగారు ఎప్పుడొచ్చినా రెండు రోజులుండి పోదామనే వస్తారు. ఇంట్లో ఏదన్నా పాడైనట్టు కంటబడితే మాత్రం అది బాగయ్యేదాకా కదలరు. కిందటిసారి కుళాయి కారుతుంటే, వేసవిలో వచ్చినావిడ చలికి దుప్పటి అడిగేదాకా ఉన్నారు.

అలాంటావిడ మాకిచ్చిన టేకు కుర్చీ కాలు, ఆవిడ వచ్చే రోజునే నా కింద విరిగింది. దాని మీద కూర్చోవద్దని మా ఆవిడ స్టేషనుకి బయల్దేరుతూ కూడా చెప్పింది. నేను కూర్చోలేదు. బల్బు మార్చడానికి ఎక్కి నిలబడ్డానంతే.

వడ్రంగికి ఫోన్ చేశాను. అసలు పేరేదో ఉంది గానీ, వీధంతా అతన్ని రేపయ్య అంటారు. రేపొస్తానన్నాడు.

ఇక నేనే రంగంలోకి దిగాను. అటక మీది పాత స్టూలు కాలు ఊడబీకి కుర్చీకి బిగించాను. గరుకు కాగితంతో తోమేసరికి నాలుగు కాళ్ళూ దుమ్ముకొట్టుకుని ఒక్క తల్లి పిల్లల్లా తేలాయి. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ ఊపులో వార్నిష్ పూశాను.

టేకు కాళ్ళు మూడూ ముదురు తేనె రంగుకి తిరిగాయి. స్టూలు కాలు మాత్రం కామెర్లొచ్చినట్టు పచ్చబడింది. ఇంకో పూత వేశాను. టేకు ఇంకాస్త నల్లబడింది, స్టూలు కాలికి కామెర్లు ముదిరాయి.

అప్పుడు తట్టింది అసలు ఉపాయం. ఒక్క కుర్చీకే వేరే కాలుంటే తప్పు గానీ, ఇంట్లో అన్నిటికీ ఉంటే ఫ్యాషన్. మంచం కాలు బల్లకి, బల్ల కాలు సోఫాకి, సోఫా కాలు మంచానికి బిగించి, అన్నిటికీ వార్నిష్ కొట్టాను. ఒకటి ఎర్రబడింది, ఒకటి నల్లబడింది, మూడోది ఎంత పూసినా అలిగినట్టు తెల్లగానే ఉండిపోయింది. పొడుగులు కలవక సామానంతా ఓ పక్కకి ఒరిగింది.

అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. మా ఆవిడ లోపలికొచ్చి చుట్టూ చూసింది.

"ఏమిటండీ ఇది?"

"కొత్త ఫ్యాషన్. ఎవరింట్లోనూ లేదు."

"ఉండదు. ఎవరింట్లోనూ మీరు లేరుగా."

వెనకే వచ్చిన అత్తగారు కుర్చీ వైపు నడిచారు. తడిగా ఉందన్నాను. సోఫా కూడా తడే అన్నాను. మంచం సంగతి ఆవిడ అడగలేదు, తన పెట్టె మీదే కూర్చున్నారు.

"కాలు ఊగుతోందన్నావు, ఆ కుర్చీయేనా?" అని కూతుర్నడిగారు.

"అదేనమ్మా. కూర్చోవద్దని ఈయనకి అందుకే చెప్పాను."

అత్తగారు చేతిసంచీలోంచి, తువ్వాలు చుట్టిన కుర్చీ కాలొకటి తీసి నాకిచ్చారు. "ఆ కుర్చీ చేసినప్పుడు మిగిలిన చెక్కే బాబూ. దాచి చేయించాను. వార్నిష్ పూయండి, రంగు కలుస్తుంది."

పూశాను. స్టూలు కాలు తీసి దీన్ని బిగిస్తే, రంగు అచ్చంగా కలిసింది. అది చూసి నా మొహం మాత్రం స్టూలు కాలి రంగుకి తిరిగింది.

కుర్చీ బాగయింది కదా, రెండు రోజుల్లో గండం గడుస్తుందని లోలోపల సంబరపడ్డాను. అత్తగారు ఇల్లంతా ఓసారి కలయజూశారు.

"మిగతా కాళ్ళన్నీ ఎక్కడివక్కడికి చేరేదాకా ఉంటాలే బాబూ" అన్నారు.

మా ఆవిడ దుప్పట్లు తీయడానికి లోపలికెళ్ళింది. నేను రేపయ్యకి ఫోన్ చేశాను. రేపొస్తానన్నాడు.